పదకొండో అధ్యాయం దాకా వెళ్ళిన శాలువా

నేను ఒక సన్మాన శాలువాను. చలికి కప్పుకునే శాలువా అనుకునేరు, కాదు. మమ్మల్ని భుజాల మీద వేస్తారు, ఫోటో తీస్తారు, వెంటనే తీసి మడతపెడతారు. అంతసేపట్లో ఏ మనిషికీ ఒళ్ళు వెచ్చబడదు, ఫోటో తీసేవాడు మరీ బద్ధకస్తుడైతే తప్ప.

నేను పుట్టింది ఎక్కడో పడమటి రాష్ట్రంలో, మరమగ్గం మీద. ఆ పూటే నాలాంటివాళ్ళు బండెడుమంది పుట్టారు. తెనాలిలో బట్టల కొట్టుకు చేరాక కొట్టాయన నా అంచుకు 'అచ్చమైన చేనేత' అని ఒక చీటీ కుట్టించాడు. పుట్టుకతో రాని గొప్పతనం కొందరికి సూదీదారంతో వస్తుంది. వచ్చిన గొప్పని కాదనడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా?

మొట్టమొదట నన్ను కప్పింది ఆచార్య తుమ్మల పానకాలు గారికి. ఆయన ఆర్థిక చరిత్రకారుడు. యంత్రాలు ఊళ్ళలోకి ఎందుకు వస్తాయి, వస్తే ఎవరు బాగుపడతారు, ఎవరు చెడతారు అన్నది ఆయన చదువు. డెల్టాలోకి బియ్యం మరలు వచ్చిన కథంతా తవ్వి తీసి 'రోకలి నుంచి మర దాకా' అని లావుపాటి పుస్తకం రాశారు. పానకాలు గారి ప్రభావం పడని పరిశోధన రాష్ట్రంలోనే లేదని ఆ సభలో వక్తలంతా అన్నారు. అంటూ ఒక్కొక్కరే లేచి ఒకే వాక్యం చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు: 'యంత్రాన్ని కనిపెట్టినవాడికన్నా ధైర్యం చేసి కొన్నవాడే గొప్పవాడు.' పానకాలు గారు మాత్రం నా అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "మరమగ్గం" అని గొణుక్కున్నారు. అప్పుడే మైకులో ఎవరో చేనేత మీద పద్యం ఎత్తుకున్నారు గనక ఆ ముక్క ఎవరికీ వినబడలేదు.

ఇంటికి చేరగానే ఆయన భార్య రాజ్యం గారు నన్ను చూసి పెదవి విరిచారు.

"మళ్ళీ శాలువాయేనా? ఒక్క స్టీలు చెంబన్నా ఇవ్వరేం వీళ్ళు? సరేగానీ, ఎవరన్నా చదివారా?"

"చదివారు. ముందుమాట."

"అది మీరు రాసింది కాదుగా!"

కాదు. అక్కడే ఉంది అసలు సంగతి. పుస్తకం అచ్చుకు ఖర్చు పెట్టింది చలమయ్య గారని ఒక పెద్దమనిషి. ఊళ్ళో పెద్ద బియ్యం మర ఆయనదే. పెట్టినందుకు ముందుమాట తనే రాసుకున్నాడు. ఆ వాక్యం ఆయనది, అందులో మరను కొన్న గొప్పవాడూ ఆయనే. మొదట్లో పానకాలు గారు సభల్లో లేచి, "ఆ మాట నాది కాదండీ" అని చెప్పేవారట. "ఆహా, ఎంత వినయం!" అని ఇంకో దండ వేసేవారట. దాంతో చెప్పడం మానేశారు. ఆయన కోరికల్లా ఒక్కటే మిగిలింది. ముందుమాట దాటి లోపలికి వెళ్ళిన మనిషిని ఒక్కరినైనా కళ్ళారా చూడాలని.

నేను కొన్నాళ్ళు వాళ్ళ బీరువాలో ఉన్నాను. రాజ్యం గారు పొదుపరి. ఎవరో ప్రిన్సిపాలు పదవీ విరమణకు నన్ను మడత విప్పకుండా పంపించారు. ఆయన ఇంకొకరికి కప్పాడు, ఆ ఇంకొకరు ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో సదస్సుకు పట్టుకెళ్ళారు. అక్కడ నాకు మతిపోయింది. పానకాలువాదులు ఒకవైపు, నవ్య పానకాలువాదులు ఇంకోవైపు కూర్చుని, అప్పు చేసి కొన్నవాడు కూడా గొప్పవాడే అవుతాడా అని పొద్దున్నించి భోజనాల దాకా జుట్లు పట్టుకున్నంత పని చేశారు. చలమయ్య గారు వింటే మురిసి ముక్కలయ్యేవాడు. ఆ హాల్లో పుస్తకం చేతిలో ఉన్నవాడు మాత్రం ఒక్కడూ కనబడలేదు.

తిరిగి తిరిగి, చేతులు మారి మారి, పానకాలు గారి డెబ్భై అయిదో పుట్టినరోజు సభకు మళ్ళీ ఆయన భుజాల మీదికే వచ్చాను. ఆయన అలవాటుగా అంచు నలిపారు. మధ్యలో ఎవరో ఒలకబోసిన కాఫీ మరక పెద్దదైనా నన్ను పోల్చుకున్నారు. "నువ్వటే!" అన్నట్టు ఒక నవ్వు నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు. నాకు జాలేసింది. ఒక మనిషి జీవితమంతా చేసిన పనికి చివరికి మిగిలేది తిరిగొచ్చిన శాలువాయేనా అనిపించింది.

వక్తలు ఆ పాత వాక్యాన్ని మరోసారి అప్పజెప్పి కూర్చున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచారు. రేపల్లెలో డిగ్రీ కాలేజీ లెక్చరరు, పేరు సువార్త. చేతిలో పుస్తకం ఉంది. దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది.

"సార్, పదకొండో అధ్యాయంలో మీరు, మర వచ్చాక దంపుడు ఆడవాళ్ళు వేరే పనులకు మళ్ళారు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ పనులకు సార్? ఆ ఊళ్ళలో అప్పట్లో వేరే పనే లేదని ఆరో అధ్యాయంలో మీరే రాశారు కదా!"

సభలో కలకలం రేగింది. అధ్యక్షుడు మైకు లాక్కుని, "అమ్మా, ఇది సన్మానం. ప్రశ్నలడిగే చోటు కాదు. అవతల సాంబారు చల్లారిపోతోంది" అన్నాడు.

పానకాలు గారు లేచి నిలబడ్డారు. నా కింద ఆయన భుజాలు అదురుతున్నాయి. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తలెత్తి చూద్దును గదా, ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"నాకు తెలీదమ్మా. తెలియకే అలా రాసి ఊరుకున్నాను. అడిగేవాళ్ళు వస్తారేమోనని ఇన్నేళ్ళు చూశాను. ఇవాళ వచ్చావు. పద, ఇద్దరం కలిసి కనుక్కుందాం."

అంటూ కిందికి దిగి వెళ్ళి నన్ను తీసి ఆవిడకు కప్పారు. "ఇది చేనేత కాదమ్మా, మరమగ్గానిది. నీకు అబద్ధం చెప్పి కప్పలేను" అన్నారు. నా గుట్టు నలుగురిలో రట్టయింది. సిగ్గేసిన మాట నిజమే. కానీ అంత తేలిగ్గా నా ప్రాణం ఏనాడూ లేదు.

తర్వాత వాళ్ళిద్దరూ బస్సులెక్కి లంక ఊళ్ళు తిరిగారు. సువార్త గారు నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. ఒక మంచు కురిసే ఉదయం దానమ్మ అనే ముసలావిడ వాకిట్లో కూర్చున్నాం. ఆవిడ వయసులో ఉన్నప్పుడు వడ్లు దంచేది. పానకాలు గారు అదే ప్రశ్న అడిగారు.

"ఏరే పన్లా? యాడున్నయ్యయ్యా పన్లు? ఆ మర చుట్టూనే తిరిగి తవుడూ నూకలూ ఊడ్చుకునేవోళ్ళం. చేతిలో రోకలి పొయ్యి చీపురొచ్చింది, అంతేగా!"

ఆవిడ మాట్లాడుతూ వణుకుతోంది. సువార్త గారు చటుక్కున నన్ను తీసి ఆవిడకు కప్పారు. అప్పుడు ఫోటో తీయడానికి ఎవరూ లేరు గనక మళ్ళీ తీసి మడతపెట్టడం ఎవరికీ గుర్తు రాలేదు.

పదకొండో అధ్యాయం కొత్తగా రాసి, పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేశారు. ఈసారి ముందుమాట లేదు. అందుకని దాన్ని ఇంతవరకూ ఏ పండితుడూ ఉదహరించలేకపోయాడు. పానకాలు గారికి ఆ దిగులేమీ లేదు. పన్నెండో అధ్యాయం మీద సువార్త గారితో పోట్లాడుకుంటూ హాయిగా ఉన్నారని విన్నాను.

నేను దానమ్మ దగ్గరే ఉండిపోయాను. మెడకు గుచ్చుకుంటోందని మొదటిరోజే ఆవిడ నా చేనేత చీటీని పీకి పారేసింది. పొద్దున్నే నన్ను తలమీదుగా కప్పుకుని కుంపటి దగ్గర కూర్చుని, "ఎచ్చగుందే" అంటుంది. ఇన్ని సభలు తిరిగాను, నా గురించి ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.