చౌడయ్య చెంపలు

"మీ ఊరి పెద్దే చెప్పినాడు కదమ్మా, అది యుద్ధంలో తగిలిన దెబ్బ కాదని" అన్నాడు తిరువళ్లూరు మాజీ సైనికుల ఆఫీసు గుమాస్తా, తల ఎత్తకుండానే.

పొద్దుటి నుంచీ గుమ్మంలో నిలబడి కాళ్లు పీకుతున్న రాజామణికి ఆ మాట ముందు తలకెక్కలేదు. "ఎవరు చెప్పినారు సార్?"

"తణికాచలమంట. మావాడు విచారణకు వొస్తే మీ వీధి వీధంతా ఒకటే మాట. చౌడయ్య సామికి మొక్కుకొని చెంపలకు శూలం గుచ్చుకున్నాడు, పుండు పడింది, అంతే. మిలట్రీ లేదు, మన్నూ లేదు."

"మా నాయన బర్మాలో తుపాకి దెబ్బ తిన్నాడు సార్. పక్కన ఉండిన రత్నస్వామి వొచ్చి సాక్ష్యం చెప్పినాడు గదా!"

"ఒక్క సాక్షి చాలడు. ఆ పెద్దనన్నా పిల్చుకొని రా, లేకుంటే నీ నాయన దెబ్బతో ఇంటికొచ్చినప్పుడు చూసిన ఇంటోళ్లనన్నా. రేపు సాయంత్రానికి ఫైలు మూసేస్తాం."

రైల్లో నిలబడే వచ్చింది రాజామణి. మరునాడు ఆడి కృత్తిక, కొండమీది సామి పండగ. పెట్టె నిండా తిరుత్తణికి పోయే కావడిమొక్కుల జనం. కోపం ఎవరి మీద చూపాలో తెలియక పెదవి కొరుక్కుంటూ ఉండిపోయింది.

నెల కిందటి దాకా వీధి చెప్పే కథే ఆమెకూ నిజం. తండ్రి రెండు చెంపల మీదా గుంటలు పడ్డ మచ్చలు. నాలుక చివర లేదు. పడుచుతనంలో కొండకు పోయి, శూలం గుచ్చుకుని, మూడేళ్లు సామి సేవలో ఉండి తిరిగొచ్చాడని అందరూ చెప్పేవారు. ప్రతి కృత్తికకూ వీధి కావడి ముందు ఆయనే నడిచేవాడు. ఆయన నోట ముద్దముద్దగా వచ్చే మాటలకు తణికాచలమే అర్థాలు చెప్పేవాడు. అర్థాలు ఎప్పుడూ తణికాచలానికి అనుకూలంగానే ఉండేవి, సామి దయ!

తిరుత్తణి బస్టాండులో పట్టాభిరామ్ అనే ఊరి నుంచి వచ్చిన ముసలాయన ఒకడు "చౌడయ్యా, బతికే ఉండావా!" అని తండ్రిని కావలించుకుని ఏడ్చినప్పుడు కథ తిరగబడింది. ఆయనే రత్నస్వామి. ఇద్దరూ ఒకే పటాలం. బర్మాలో ఏరు దాటుతుంటే తూటా చౌడయ్య ఎడమ చెంపలో దూరి, పళ్లూ నాలుక చివరా తెంపుకుని కుడి చెంపలోంచి పోయిందట. రత్నస్వామే వీపున మోసుకొచ్చాడట. ఆయన చెబుతుంటే చౌడయ్య చిన్నపిల్లవాడిలా తల ఊపుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ దవడ ఎముక కుళ్లుతోంది. గంజి తప్ప దిగదు. మిలట్రీ ఆసుపత్రిలో దవడ ఆపరేషన్లు చేసే డాక్టర్లు ఉన్నారు, యుద్ధంలో తగిలిన దెబ్బని తేలితే చేర్చుకుంటారు, చీము గొంతులోకి దిగితే మాత్రం మనిషి దక్కడు అని డాక్టరు చెప్పి మూడు వారాలయింది.

రాజామణి ఇల్లు చేరేసరికి పంచలో తణికాచలం కూర్చుని ఉన్నాడు. వీధిలో సగం మగ్గాలకు నూలిచ్చే మేస్త్రీ ఆయనే, కులపెద్దా ఆయనే. చేతిలో విభూతి పళ్లెం, వెనక పదిమంది. చౌడయ్య గోడకు ఆనుకుని, బుగ్గన గుడ్డ అదుముకుని ఉన్నాడు.

"మామా, అట్ల ఎందుకు చెప్పినావు?" చెప్పులైనా విడవకుండా అడిగింది.

"ఏం చెప్పినా అమ్మే? ఊరంతా ఎరిగిందే చెప్పినా. ఇన్నేళ్లూ సామి గుర్తని మొక్కినోళ్ల మొహాన తుపాకి దెబ్బని ఎట్ల చెప్పేది? మన వీధి పరువేం గావాల?"

"మా నాయన పానం పోతా ఉంది మామా!"

"సామి చూసుకుంటాడులే. పొద్దున కావడి ముందర నడవనీ, అన్నీ సర్దుకుంటాయి." పళ్లెం చౌడయ్య ముందుకు జరిపాడు. "ఏమన్నా, వొస్తావు గదా?"

చౌడయ్య గుడ్డ తీశాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. మాట తడిసిన ముద్దలా బయటపడింది.

తణికాచలం వెనక్కి తిరిగి "సామి సరేనంటా ఉండాడు" అన్నాడు.

"రానన్నాడు."

ఆ మాట గదిలోంచి వచ్చింది. చౌడయ్య తల్లి వళ్ళియమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నడుము వంగిపోయింది గాని గొంతు వంగలేదు.

"నా కొడుకు మాట నాకు తెలీదా? రానన్నాడు. ఒరే తణికా, ఆ మొక్కు కతను కట్టింది నేను. నీకూ తెలుసు. వాడు తిరిగొచ్చిన దినం నువ్వూ మీ నాయనా ఈ పంచలోనే కూసోని ఏమన్నారో మతికుందా? మిలట్రీలో కులంగాని కులం చేతి కూడు తిన్నాడు, వెలి వేయాల అన్నారు."

తణికాచలం విభూతి పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

వెలి అంటే ఆ వీధిలో మగ్గం చచ్చిపోవడమే. పడుగు దారాలను వీధి పొడుగునా చాచి గంజి పెట్టాలంటే పదిళ్ల చేతులు కావాలి. వెలిపడ్డ ఇంటి పడుగు పట్టుకునేవాడెవడు?

"అందుకే వాని మిలట్రీ కోటు, కాయితాలు పొయ్యిలో పెట్టినా" అంది వళ్ళియమ్మ. "శూలం గుచ్చుకొని సామి సేవలో ఉండినాడని ఊరికి చెప్పినా. నిజం చెప్పనని వాని చేత కర్పూరం ఆర్పించి ఒట్టు పెట్టించినా. నా బిడ్డ ఆ ఒట్టుకు నోరు కుట్టుకొని బతికినాడు. మగ్గం బతికింది, వాడు కుళ్లిపోతా ఉండాడు. పాపిష్టిదాన్ని!" తల కొట్టుకుంది. "అమ్మే రాజామణీ, పొద్దున నన్ను తిరువళ్లూరు పిల్చుకపో. వాడు దెబ్బతో వొచ్చినప్పుడు చూసినదాన్ని, నేనే చెప్తా."

రాజామణికి అవ్వ మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఆ వెంటనే పోయి ఆమెను పడిపోకుండా పట్టుకుంది.

"పోతే పోండి" తణికాచలం లేచాడు. "మీ పడుగు ఎవుడు పట్టుకుంటాడో చూస్తా."

వెనక ఉన్న పదిమందీ ఒకరి వెనక ఒకరు దిగి వెళ్లిపోయారు.

తెల్లారి ముగ్గురూ స్టేషనుకు బయలుదేరారు. ఊళ్లన్నీ కొండకు వస్తుంటే వీళ్లు ఎదురు నడుస్తున్నారు. పంబల మోత, పసుపు బట్టలు, పూల కావళ్లు. రాజామణి ఒక చేత్తో అవ్వను, ఒక చేత్తో తండ్రిని పట్టుకుని జనాన్ని తోసుకుంటూ పోతోంది. లుంగీకి మూడున్నర రూపాయల కూలిచ్చే మగ్గం రేపటి నుంచి ఆడుతుందో లేదో ఆమెకు తెలియదు. ఈ రైలు తప్పితే తండ్రి దక్కడని మాత్రం తెలుసు.

స్టేషను మెట్ల దగ్గర ఒక పడుచు తల్లి చౌడయ్య చెంపలు చూసి ఆగిపోయింది. చంకలో జ్వరం బిడ్డ. "సామీ!" అంటూ ఆయన కాళ్ల మీద పడింది. చూసి ఇంకో నలుగురు చేతులు జోడించారు.

"లేమ్మా, రైలొచ్చేస్తా ఉంది" అని రాజామణి అడ్డం పోబోతే, చౌడయ్య ఆమె చెయ్యి విడిపించుకున్నాడు. వంగి ఆ తల్లిని లేవనెత్తాడు. బుగ్గన గుడ్డ తీసి, ఒక్కో అక్షరం నొప్పితో కూడగట్టుకుంటూ అన్నాడు:

"సా...మి... గా...దు. గుం...డు. తు...పా...కి... గుం...డు."

ఆమెకు అర్థం కాలేదు. చుట్టూ జోడించిన చేతులు అట్లాగే ఉన్నాయి. రైలు కూత వినబడింది. చౌడయ్య కదల్లేదు. చీము కారుతున్న బుగ్గను వేలితో చూపిస్తూ మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.