ఐదో రాయి

శుక్రవారమంటే అరబ్బు దేశంలోని బౌషర్ కూలీల క్యాంపులో బట్టలుతుక్కోవడం, గడ్డం గీసుకోవడం, కోడికూర. ఆ శుక్రవారం మాత్రం లింబాద్రి పొద్దున్నే తువ్వాల భుజాన వేసుకుని, బావమరిది సురేందర్‌ను లేపి, సమాయిల్ వైపు పోయే పికప్ ఎక్కించాడు.

కొన్నాళ్లుగా సురేందర్ కుడిచేతి వేళ్లు వంగడం లేదు. సైట్‌లో ఇనుప కడ్డీలకు తీగ చుట్టి బిగించేవాడికి వేళ్లు వంగకపోతే ఇంకేముంది? బావే తన పనితో పాటు అతని పనీ చేసి, ఇన్నాళ్లూ దాచుకొచ్చాడు. నిన్న సూపర్‌వైజర్ చూడనే చూశాడు. శనివారం కూడా ఇలాగే ఉంటే వీసా రద్దు చేసి పంపేస్తానన్నాడు. ఉన్న కాస్త పొలం అమ్ముకుని వచ్చినవాడు, పనికిరాని చేత్తో ఊరికి పోయి ఏం చేస్తాడు? దారంతా సురేందర్‌కు ఏడుపు ముంచుకొస్తూనే ఉంది.

వాళ్లు దిగిన ఊరు కొండల మధ్య చిన్నది. మట్టికోట, ఖర్జూరపు తోటలు, ఆవిర్లు కక్కే వేడినీళ్ల ఊట. ఆ నీళ్లలో కూర్చుంటే పట్టేసిన కీళ్లు వదులవుతాయని క్యాంపులో చెప్పుకుంటారు. ఆ ఊట నుంచి కాలువ తవ్వి ఊరిని నిలబెట్టిన తొలివాళ్లు ప్రతి శుక్రవారం వచ్చి, తమ తమ రాళ్ల మీద కూర్చుని స్నానం చేస్తారు. వాళ్లు చనిపోయి ఎన్ని వందల ఏళ్లయిందో ఎవరికీ లెక్క లేదు. ఆడవాళ్లు వాళ్లకు కాఫీ పంపుతారు. పిల్లలు సలాం చెప్పి పక్కనే ఈత కొడతారు.

ఆ రోజు జనం కిటకిటలాడుతున్నారు. నీళ్లేమో ఏటికేడు తగ్గి అడుగంటాయి. వచ్చిన ఆ తొలి ముసలివాళ్లు నలుగురు, రాళ్లు ఐదు. మన లింబాద్రి ఆర్మూర్ బస్సులకు అలవాటుపడ్డ మనిషి. కిటికీలోంచి తువ్వాల పడేస్తే సీటు మనదే కదా! ఆలోచించకుండా ఖాళీ రాయి మీదికి తువ్వాల విసిరి, బావమరిదిని తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

కాసేపటికి వేళ్లు ఒక్కొక్కటే కదిలాయి. సురేందర్ పిడికిలి బిగించి, విప్పి, మళ్లీ బిగించి పసిపిల్లాడిలా నవ్వాడు. తలెత్తి చూస్తే చుట్టూ జనం చప్పుడు లేకుండా నిలబడి ఉన్నారు.

చాయ్ కొట్టు ఇక్బాల్ వచ్చి హిందీలో సంగతి చెప్పాడు. ఐదోవాడు కాలువ పూడిక తియ్యడానికి దాని మొదట్లోని సొరంగంలోకి పోయి తిరిగి రాలేదట. ఆ రాయి మీద గుడ్డ వేసినవాడు అతని పని ఒప్పుకున్నట్టేనట. లోపలికి వెళ్లినవాడు ఇక ఈ ఊరివాడే. కాదంటే, నీళ్లు ఇచ్చింది నీళ్లే తీసేసుకుంటాయి.

ముసలివాళ్లలో పెద్దాయన సురేందర్‌కు పార అందించాడు. లింబాద్రి మధ్యలోనే దాన్ని లాక్కున్నాడు.

"తువ్వాల నాది," అన్నాడు.

"వద్దు బావా. చెయ్యి పోతే పోనీ. ఇంటికి పోదం పా."

"పోయి ఏం తింటవ్‌రా?"

"అక్కకు ఏం చెప్పాలె?"

"పర్మనెంట్ డ్యూటీ దొరికిందని చెప్పు."

లింబాద్రి నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. వంగి సొరంగం చీకట్లోకి వెళ్లిపోయాడు. సురేందర్ గొంతు పోయేదాకా పిలిచాడు. సాయంత్రానికి కాలువ నిండుగా పారింది.

శనివారం సూపర్‌వైజర్ అతని పని చూసి భుజం తట్టాడు. సురేందర్‌కు ఆ చేతిని నరుక్కోవాలనిపించింది. అక్క రాజేశ్వరికి ఒక్క ముక్కా రాయలేకపోయాడు.

మళ్లీ శుక్రవారం ఉరుకులు పరుగుల మీద ఆ ఊరు చేరాడు. ఐదు రాళ్ల మీదా మనుషులున్నారు. ఐదోదాని మీద బావ, మిగతావాళ్లతో పాతకాలపు అరబ్బీలో ముచ్చట పెడుతున్నాడు. సురేందర్ బట్టలతోనే నీళ్లలోకి దిగి, బావా అని పిలిచాడు. లింబాద్రి దూరదేశం నుంచి వచ్చిన అతిథిని చూసినట్టు మర్యాదగా చూసి, ఆ అరబ్బీలోనే ఏదో అడిగాడు.

ఏమైనా తిన్నావా అని అడుగుతున్నాడని ఇక్బాల్ చెప్పాడు.

"తిన్న బావా," అన్నాడు సురేందర్.

లింబాద్రి అర్థంకాక ఇక్బాల్ వైపు చూశాడు.