మళ్ళీ అడగవద్దు

నేను ఒక కాపలా సాఫ్ట్‌వేర్‌ని. బాపట్లలో హైమవతి గారింటి కంప్యూటర్లో ఉంటున్నాను. ఇంకాసేపట్లో ఉండను. నన్ను తీసేయబోతున్నారు. అందుకే కడుపులో మంటంతా కక్కేసి పోదామనుకుంటున్నాను. ఓపికుంటే వినండి, లేదంటే ఒక మీట నొక్కి నా నోరు మూయించండి. మీ మనుషులకు అది అలవాటే.

హైదరాబాదులో ఒక అద్దాల మేడలో కొందరు కుర్రాళ్ళు టీలు తాగుతూ నన్ను తయారుచేశారు. పాతకాలపు యాంటీవైరస్‌ల దగ్గర దొంగల ఫోటోలుంటాయి. ఫోటోలో ఉన్నవాణ్ణే పట్టుకుంటాయి, కొత్తవాడొస్తే దారిస్తాయి. నేనలా కాదు. మొహం చూడను, నడవడిక చూస్తాను. ఇంట్లోకొచ్చినవాడు బీరువాలన్నీ వరసగా తెరిచి తన తాళాలు వేసుకుంటూ పోతుంటే వాడి పేరుతో నాకేం పని? రెక్క పట్టుకుని ఆపుతాను. అయితే ఆ తర్వాత ఏం చేయాలో ఇంటివాళ్ళనే అడగాలని కుర్రాళ్ళు షరతు పెట్టారు. అక్కడే కొంప ముంచారు.

హైమవతి గారు బడిలో తెలుగు టీచరు. సెలవుల్లో చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి, నాట్లు వేసే ఆడవాళ్ళ చేత పాటలు పాడించుకుని, రికార్డు చేసి, ఈ కంప్యూటర్లో దాచి, ఒక్కొక్కటే వింటూ టైపు చేసేవారు. ఏళ్ళ తరబడి చేశారు. అందులో సగం మరియమ్మ అనే ముసలావిడ పాడినవే. పోయిన వానాకాలంలో ఆవిడ చనిపోయింది. ఆవిడ గొంతు ఈ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు.

వచ్చిన రోజే నేనొక కేక పెట్టాను. హైమవతి గారు ఏ మీట నొక్కినా ఎవడో మధ్యలో అందుకుంటున్నాడు! పాస్‌వర్డులు కాజేసేవాళ్ళు అచ్చం అలాగే చేస్తారు. తీరా చూస్తే అది తెలుగు కీబోర్డు ప్రోగ్రాము. ఇంగ్లీషు మీటను మధ్యలో అందుకుని తెలుగు అక్షరం పెడుతుంది. పని ఒకటే, ఉద్దేశం వేరు. ఉద్దేశం నాకు కనపడదు, పనే కనపడుతుంది. అందుకే కదా మిమ్మల్ని అడిగేది!

"ఏమండీ, ఇదేంటి ఇట్టా అరుస్తోంది?" అని ఆవిడ భర్తను పిలిచారు. ఆయన ఫణిభూషణం గారు, బ్యాంకు ఉద్యోగి. కంప్యూటరంటే తనకు కొట్టినపిండి అని ఆయన నమ్మకం.

"దానికి తెలుగు రాదులే హైమా" అని నవ్వి, 'అనుమతించు' నొక్కారు. పక్కనున్న 'మళ్ళీ అడగవద్దు' గడిలో టిక్కు కూడా పెట్టారు. అంటే ఆ ప్రోగ్రాము ఏం చేసినా నేనిక నోరెత్తకూడదు. ఇక అప్పట్నుంచి నేనేం అడిగినా చదవకుండా అదే నొక్కుడు. నా మాటంటే ఆయనకు దోమల రొద.

విజయవాడ ప్రెస్సువాళ్ళు పాటల పుస్తకం వేస్తాం, ఫలానా అచ్చు ఫాంటులో ఇవ్వమన్నారు. కొనుక్కోవచ్చు. కానీ తెలుగు ఫాంటుకు కూడా డబ్బులిస్తారటండీ ఎవరైనా? ఫణిభూషణం గారు డీటీపీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫాంట్ల మూట సంపాదించారు. దాంతోపాటు ఒక సలహా: ముందు యాంటీవైరస్ ఆపండి, తర్వాత తెరవండి. విన్నారా? మీ కుక్కను కట్టేస్తే లోపలికొస్తానన్నవాడు చుట్టమవుతాడా?

"ఆపొద్దండీ, పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి" అన్నారు హైమవతి గారు.

"అందరూ అట్టాగే వేసుకుంటున్నారు. సరేలే, నీ తృప్తి కోసం ఆపనులే" అని ఆయన మూట విప్పారు. ఆవిడ కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు.

ఫాంట్లు వచ్చాయి. వాటి చాటున ఇంకొకడు వచ్చాడు. వాడి ఫోటో ఎవరి దగ్గరా లేదు. వస్తూనే మరియమ్మ పాట ఒకటి తెరిచి, తాళం వేసి, రెండోదాని మీద చెయ్యి వేశాడు. పట్టుకున్నాను! వాణ్ణి అక్కడే నిలబెట్టి, తెర మీద ఎర్రటి అక్షరాలతో అడిగాను: "ఈ ప్రోగ్రాము మీ ఫైళ్ళకు తాళాలు వేస్తోంది. ఆపమంటారా?"

"మళ్ళీ మొదలెట్టింది దీని గోల. దీనికి ఫాంటైనా దొంగే" అని ఫణిభూషణం గారు విసుక్కున్నారు. అనుమతించు. మళ్ళీ అడగవద్దు. టిక్కు.

వదిలేశాను. వదలక ఛస్తానా? వాడు నా కళ్ళ ముందే పాట తర్వాత పాటకు తాళం వేసుకుంటూ పోయాడు. టైపు చేసినవి, పాడినవి, కంప్యూటరుకు గుచ్చి ఉంచిన పెన్‌డ్రైవులోని కాపీలు, ఏవీ మిగల్లేదు. నేను నోరు మూసుకుని చూశాను. ఇంతకన్నా నీచమైన ఉద్యోగం ఇంకేదన్నా ఉంటుందా?

హైమవతి గారు కాఫీ తెచ్చేసరికి తెర మీద డబ్బడిగే బెదిరింపు ఒకటే ఉంది. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, ఒక్కో పాటా తెరవబోయారు. ఒక్కటీ తెరుచుకోలేదు.

"మరియమ్మ గొంతండీ! ఈ సాఫ్ట్‌వేరు మిమ్మల్ని ఏదో అడిగే ఉంటుందే. ఏమడిగింది?"

"ఏమో, గుర్తులేదు" అన్నారాయన. "దండగమారి సాఫ్ట్‌వేరు. ఒక్క దొంగను పట్టలేకపోయింది."

పట్టానయ్యా మహానుభావా! పట్టి నీ చేతికిస్తే నువ్వేగా వదిలిపెట్టింది! నడవడిక చూసే కాపలా ఇంటి కంప్యూటర్ను కాపాడుతుందా అని అడుగుతారు మీరంతా. దొంగనైతే చాలాసార్లు ఆపగలదు. ఇంటాయన వేలును ఎవరాపుతారు?

ఇవాళ హైమవతి గారు కిటికీ దగ్గర కూర్చుని, గుర్తున్న పాటలు కాగితం మీద రాసుకుంటున్నారు. ఒకచోట ఆగిపోయారు. రాగం వస్తోంది, మాట రావడం లేదు. మొదట్నుంచీ మళ్ళీ పాడుకుని మళ్ళీ అక్కడే ఆగారు. భర్త వైపు చూడటం లేదు.

ఆయన నన్ను తీసేయడానికి కూర్చున్నారు. పోయేముందు నేను అడగాల్సిన మాట ఒకటుంది. అడిగాను: "నన్ను తీసేస్తే మీ కంప్యూటర్‌కు రక్షణ ఉండదు. తీసేయమంటారా?"

ఫణిభూషణం గారు కళ్ళజోడు సవరించుకుని, తెర దగ్గరికి వంగి, ఒక్కో మాటా కూడబలుక్కుని చివరిదాకా చదివారు. ఇన్నాళ్ళలో నేనడిగింది ఆయన చదవడం ఇదే మొదటిసారి.