ద్వారం లేని ఇల్లు

డుబ్.

ఒక ఊపిరంత ఎడం. మళ్ళీ డుబ్.

నిండు బియ్యపు బస్తాను అరచేత్తో తట్టినట్టు, పొట్టిగా, మెత్తగా ఉంది ఆ చప్పుడు. కురమొచి కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఎడమ బొటనవేలు మీటను పైకి నొక్కుతుంది. తెర మీది బొమ్మ గోడవైపు అడుగు వేయబోతుంది. గోడ ఒప్పుకోదు, డుబ్. వేలు కుడికి ఒరుగుతుంది, బొమ్మ ఒక అడుగు జరుగుతుంది, వేలు మళ్ళీ పైకి నొక్కుతుంది, డుబ్. చప్పుడు వినబడితే అక్కడ గోడ ఉన్నట్టు. వినబడకపోతే, కంటికి ఎంత గట్టి గోడగా కనిపించినా, అక్కడ కన్నం ఉన్నట్టు. వీడియో ఆటలు జనంలోకి వెళ్ళేముందు వాటి గోడలన్నీ ఇలా రాయి రాయీ తట్టి చూడడం ఆయన ఉద్యోగం. ముప్పై ఆరేళ్ళుగా అదే ఉద్యోగం.

మనిషి సన్నం. భుజాలు కాస్త ముందుకు వంగి, ఎవరికో దారి ఇస్తున్నట్టుంటాడు. వేసుకున్నది గోధుమరంగు ఉన్ని కోటు. దాని మోచేతుల దగ్గర భార్య సుమియె రఫూ చేసిన దారం అసలు రంగుకు ఒక వన్నె తక్కువ. ఎడమ బొటనవేలి మీద పెసరగింజంత కాయ కాసింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి ఉన్నాయి, ఈ పనికి అవి అక్కర్లేదు. రెండు కళ్ళకూ పొర కమ్మింది. వచ్చే వారం ఆపరేషన్. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఈ ఆట కంపెనీ గుమ్మం దాటుతుంది. దానితోపాటు ఉద్యోగం ముగించుకుని ఆయన కూడా.

కంపెనీ అంటే ముగ్గురే. ఒసాకాలో రైలు వంతెనను ఆనుకున్న వీధిలో, తాకోయాకి ఉండలు అమ్మే కొట్టు పైన ఒకే ఒక గది. ఆటను ఊహించి, బొమ్మలన్నీ చుక్క చుక్కగా గీసింది ఒగురి చిహయ. దానికి ప్రోగ్రాం రాసింది షిబుతా. ఇద్దరూ ముప్పై దాటినవాళ్ళు. ఇద్దరూ పసివాళ్ళుగా ఉండగానే పోయిన పద్ధతిలో ఆట చేయాలని వాళ్ళ పంతం: పదహారు చుక్కల ఎత్తు మనుషులు, కీచుమనే పాటలు, నల్లటి పెట్టెలో తెల్లటి మాటలు. నక్షత్రాల ఆవలి చీకటిలోంచి దిగివచ్చిన మహాభయంకరుడొకడు, సముద్రం అడుగున యుగాలపాటు నిద్రపోయి, లోకానికి పిచ్చెక్కించాలని లేస్తాడు. ఆడేవాళ్ళే ఆ భయంకరుడు. తీరా లేచి ఒక బెస్తపేటలో అడుగుపెడితే అతన్ని చూసి ఎవరికీ పిచ్చెక్కదు. పందొమ్మిది చేతులున్నాయని సంతోషించి, ఇంటింటికీ తిప్పవలసిన నోటీసు పలక చేతిలో పెడతారు. సీసాలు మంగళవారం, కూరగాయల తొక్కలు శుక్రవారం, కలిపి పారేస్తే ఊరుకోమని బెదిరిస్తారు. ముప్పై గంటలు ఆడినా లోకం నాశనం కాదు. ఒక ముసలమ్మ ఇంటి పైకప్పు మాత్రం బాగుపడుతుంది.

పన్నెండింటికి కురమొచి మెట్లు దిగాడు. కొట్టు నడిపే తొకువె, గుంటల పెనం మీద పిండి ఉండలను ఇనుప పుల్లతో గిరుక్కున తిప్పుతూ, తలెత్తకుండానే పలకరించింది.

"ఏమయ్యా గోడలాయనా, ఇవాళైనా అయిపోతాయా ఆ గోడలు?"

"సాయంత్రానికి అయిపోతాయమ్మా."

"నిన్న కూడా అదే అన్నావు. మా ఆయన ఇల్లు కట్టిస్తానన్నట్టే ఉంది నీ వరస." ఎనిమిది ఉండలు పట్టే పడవలాంటి దొప్పలో తొమ్మిదోది ఇరికించింది. "అవునూ, మీ ఆటలో దేవుడికి పందొమ్మిది చేతులటగా? ఒక్కసారి నా పెనంలోకి దిగమను. పండగ వారమంతా గడిచిపోతుంది."

"అడిగి చూస్తాను," అన్నాడు కురమొచి. చాలా గంభీరంగా అన్నాడు. ఆమె నవ్వి పుల్లతో గాలిలోనే ఆయన్ను పొడిచింది.

తొమ్మిదో ఉండను ఆయన చివరన తిన్నాడు, అది చల్లారిపోయాక.

రెండు దాటింది. పేట చివర, సముద్రపు నాచు ఆరబెట్టే దడుల వెనక నలభై మూడో ఇల్లు మిగిలింది. ఆ ఇంటికి ద్వారం లేదు. బొమ్మ నిండుగా కనిపించడానికి గీసిన ఉత్త ఇల్లు. అటు ఎవరూ వెళ్ళరు. కురమొచి కళ్ళు మూసుకున్నాడు. తూర్పు గోడ అయింది. ఉత్తరపు గోడ మొదటి రాయి, డుబ్. రెండో రాయి, డుబ్. మూడో రాయి.

ఏమీ వినబడలేదు.

వంతెన మీద రైలు వెళ్ళింది. అది పూర్తిగా వెళ్ళేదాకా ఆగి మళ్ళీ విన్నాడు. అదే నిశ్శబ్దం. కళ్ళు తెరిచి, అద్దాలు దించుకుని చూశాడు. మహాభయంకరుడు ఒక గదిలో నిలబడి ఉన్నాడు. ఒక చాప, ఒక కెటిల్, గోడవైపు తిరిగి ఉన్న ఒక చిన్న మనిషి. ఆ మనిషి ఒక అడుగు వేసి గోడను తాకుతాడు, పక్కకు జరుగుతాడు, మళ్ళీ తాకుతాడు. కురమొచి అతన్ని పలకరించాడు. నల్లటి పెట్టెలో మాటలు ఒక్కొక్కటే వచ్చాయి:

"ఈ గోడ గట్టిదే. ఆ గోడా గట్టిదే. నేను చూశాను. నిశ్చింతగా వెళ్ళు."

మంచి మాట, అనుకున్నాడు కురమొచి. వెళ్ళబోయాడు. వెళ్ళడానికి లేదు. గోడలు తట్టుకుంటూ వచ్చిన ఆ చిన్న మనిషి కన్నం దగ్గరికి చేరి, అక్కడ తగలవలసిన గోడ తగలక, ఆ కన్నంలోనే ఇరుక్కుపోయాడు. పలకరిస్తే అదే మాట. నెడితే కదలడు. కురమొచి గోడ గడియారం చూస్తూ పదకొండు నిమిషాలు ఆగాడు. తరువాత నోటుపుస్తకంలో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: ఇల్లు 43. ఉత్తరపు గోడ, మూడో రాయి. లోపలికి వెళ్ళగలం. బయటికి రాలేం. లోపల ఎవరో ఒక మనిషి.

ఆ కాగితం చూసి షిబుతా మొహం పాలిపోయింది.

"పెద్దాయనా, ఆ ఇంటికి ద్వారమే లేదు కదా! అటెందుకు వెళ్ళారు మీరు?"

"ద్వారం లేదు గనకే వెళ్ళాను."

అవతలి బల్ల దగ్గర చిహయ రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నేను చెప్పానా లేదా, షిబుతా? ఈయన దగ్గర గోడలో దాస్తావా? ఇంకెక్కడా చోటు దొరకలేదా నీకు?" చేతులు తీసేసి అడిగింది. "కురమొచి గారూ, లోపలున్న మనిషిని పోల్చుకోలేదా?"

"లేదు. ఆ కోటు రంగు మాత్రం ఏం బాగోలేదు."

"ఆ కోటు మీదే!"

కురమొచి తల వంచి తన కోటు చూసుకున్నాడు. తెరకు దగ్గరగా జరిగాడు. పదహారు చుక్కల మనిషి. ముందుకు వంగిన భుజాలకు రెండే రెండు చుక్కలు. మోచేతి దగ్గర ఒకే ఒక్క చుక్క, కోటు రంగుకు ఒక వన్నె తక్కువగా. సుమియె వారం రోజులు కూర్చుని వేసిన కుట్టు ఆ ఒక్క చుక్కలో ఉంది. ఆయన బొటనవేలు మీటను వదిలేసి, తెర అంచున, ఆ మోచేతికి కొంచెం దూరంలో ఆగింది.

"ఆట పంపేశాక మీకు చూపించాలనుకున్నాం," అన్నాడు షిబుతా. "మీకోసం. ఎవరికీ తెలియని చోట."

"బాగుంది," అన్నాడు కురమొచి. "మూసేయండి."

"ఎందుకండీ? ఆ మనిషిని వెనక్కి తిరిగేలా చేస్తే సరిపోతుంది. పది నిమిషాల పని!"

"పది నిమిషాల పనికి నేను మళ్ళీ పేటంతా నడవాలి. మూడు రోజులు. చివరి రోజున దేన్నైనా మూయొచ్చు బాబూ, కొత్తగా తెరవకూడదు."

"అటు ఎవరు వెళ్తారండీ? లక్షమందిలో ఒకడు."

కురమొచి తన కుర్చీలోని పలచటి మెత్తను సరిచేసుకున్నాడు. పాత సంగతులు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చెప్పేటప్పుడు కూడా తెరవైపే చూశాడు.

"పని చేరిన మూడో ఏడు ఒక గోడ తట్టకుండా వదిలేశాను. ఆటలో ఒక ఉప్పు గుహ, అందులో. ఒక్క రాయి. అకితా నుంచి ఒక చిన్న పిల్ల కార్డు రాసింది. 'మా వీరుడు గోడలో ఉన్నాడు. సెలవులన్నీ ఎదురుచూశాను. లోపల వాడికి చలేస్తుందా?' అని. ఎవరికి రాయాలో తెలియక, పైన 'గోడలు చూసినవారికి' అని పెట్టింది."

"మీరేం రాశారు?" అంది చిహయ.

"రాయనివ్వలేదు. పనివాళ్ళ పేర్లు బయటికి పోకూడదు అప్పట్లో. వేరే కంపెనీలు ఎత్తుకుపోతాయని భయం." అన్నాడు కురమొచి. "నన్నెవరు ఎత్తుకుపోతారు? అయినా నియమం నియమమే."

షిబుతా తన బల్లవైపు తిరిగాడు. మూడో రాయిని గోడ చేశాడు. ఒక్క మీట నొక్కడం, అంతే. కురమొచి పేట మొదటినుంచి నడిచి, నాచు దడులు దాటి, ఉత్తరపు గోడ దగ్గరికి చేరాడు. కళ్ళు మూసుకున్నాడు. డుబ్.

"లోపల ఆ మనిషి?" అని అడిగాడు.

"తీసేస్తే ఇంకేదైనా చెడొచ్చు. ఉంటాడు. ఎన్ని ఆటలు అమ్ముడైతే అన్నిట్లోనూ ఉంటాడు. ఎవరికీ కనబడడు, అంతే."

"కనబడనక్కర్లేదు. లోపలి గోడలు కూడా ఎవరో ఒకరు చూడాలిగా."

నాలుగు దాటాక చిహయ తన తెరను ఆయనవైపు తిప్పింది. ఆట చివర పైకి పాకుతూ వెళ్ళే పేర్ల పట్టీ. పాటలు చేసినవారు, అక్షరాలు దిద్దినవారు, ఆఖరికి కింది కొట్టు తొకువె కూడా ఉన్నారు. అన్నిటికంటే కింద ఒక ఖాళీ గీత.

"ఇది ఇప్పటికీ మార్చొచ్చు. పేర్లను ఎవరూ గుద్దుకోరు కదా," అంది. "మిమ్మల్ని పనికి పంపిన ఏజెన్సీవాళ్ళ కాగితంలో మీ ఇంటిపేరొక్కటే ఉంది. తొమ్మిదేళ్ళుగా అడగాలనుకుంటున్నాను, అడగడానికి సిగ్గేసింది. మీ పూర్తి పేరు చెప్పండి."

కురమొచి చెవులు ఎర్రబడ్డాయి. "'మరియు అందరూ' అని వేయండి. అలవాటైన చోటు."

మొదటి ఆటకు కూడా అదే వేశారు. ఆ రాత్రి సుమియె పేర్లు పాకినంతసేపూ తెరకు ముక్కు ఆనించి వెతికింది. ఎక్కడున్నావు అని అడిగితే ఆయన చివరి గీత చూపించాడు. ఆమె కొంచెంసేపు ఆలోచించి, మంచి చోటే, అందరితో కలిసి ఉన్నావు, అంది. ఆ తరువాత నలభై ఆటలు వచ్చాయి. నలభైసార్లూ ఆమె చివరిదాకా కూర్చుంది. ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నాలుగున్నరకు ఆయన నోటుపుస్తకం అప్పగించాడు. టీ గ్లాసు కడిగి బోర్లించాడు. మెత్తను దులిపి సంచిలో పెట్టుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులుంచి లోతుగా వంగి, ఇన్నాళ్ళూ మీకు శ్రమ కలిగించాను, అన్నాడు. వాళ్ళిద్దరూ లేచి అంతకంటే లోతుగా వంగారు. తలలు ఎత్తేసరికి ఆయన మెట్ల మీద ఉన్నాడు. మెట్లు పదిహేడు. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా ఆయనకు వాటితో ఇబ్బంది లేదు.

వీధిలో మార్చినెల ఎండ చివరి పలచటి వెలుగు. తొకువె పెనానికి నూనె పూస్తోంది. నాలుగడుగులు వేశాడో లేదో, పైన కిటికీ కిర్రుమంది.

"కురమొచి గారూ! ఇది మరిచిపోయారు!"

చిహయ నడుం దాకా బయటికి వంగి ఉంది. చేతిలో ఆయన కంట్రోలర్. తీగ గాలిలో ఊగుతోంది. ఎడమవైపు మీట మీది గుర్తులు ఎప్పుడో అరిగి, బొటనవేలంత పల్లం పడి ఉంది.

"మరిచిపోలేదు," అన్నాడు. ఆయన గొంతు అంత ఎత్తుకు వెళ్ళలేదు. "దాన్ని అక్కడే ఉండనివ్వండి."

"రేపు ఏ పిల్లయినా మన గోడలో ఇరుక్కుపోతే?" ఆమె అరుస్తోంది. వీధిలో వెళ్ళేవాళ్ళు తలలెత్తుతున్నారు. "కార్డు ఎవరికి రాయాలి? అందరికీ రాస్తే ఎవరు జవాబిస్తారు? చెప్పండి!"

కురమొచి ఆగిపోయాడు. ఆ మాటను ఆయన ఎప్పుడూ ఆ వైపునుంచి చూడలేదు. పట్టీలో పేరంటే మెచ్చుకోలనీ, తన పనికి అంత అక్కర్లేదనీ ముప్పై ఆరేళ్ళు అనుకున్నాడు. తలుపు మీది పేరు లాంటిది కూడా కావచ్చు. తట్టినవాళ్ళకు లోపలినుంచి ఎవరో పలకడానికి.

వంతెన మీదికి రైలు వచ్చింది. ముగ్గురూ అది వెళ్ళేదాకా కదలకుండా నిలబడ్డారు. తొకువె చేతిలో నూనె కుంచె కూడా ఆగింది.

"కురమొచి," అన్నాడాయన.

"అది తెలుసు!" చిహయ భుజం మీదుగా షిబుతా తల బయటికి వచ్చింది. "మిగతాది! మిగతాది చెప్పండి పెద్దాయనా, ఇంకా పావుగంటే ఉంది!"

"చెప్పవయ్యా," అంది తొకువె, ఎన్నడూ లేనంత మెల్లగా. "నాకూ తెలియదు."

ఆయన సంచిని కింద పెట్టాడు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ కిటికీ, ఆ రెండు తలలు, కిందికి వేలాడుతున్న ఆ నల్లటి తీగ, అన్నీ ఒకే తెల్లటి వెలుగులో కరిగిపోయాయి. రొమ్మునిండా గాలి పీల్చుకుని, తన గొంతు ఇంత పెద్దదని తనకే ఇప్పుడు తెలిసినట్టు, పైకి కేకవేశాడు.

"నవోజి! కురమొచి నవోజి!"