మీటరు నూట ఎనభై రూపాయల వైరు

భిలాయి పవర్ హౌస్ మార్కెట్లో పరబ్రహ్మం పాటల సెట్ల కొట్టులో ప్రతి వస్తువుకీ ఒక చీటీ వేలాడుతూ ఉండేది. చీటీ ముందువైపు అమ్మకం ధర. వెనకవైపు పెన్సిలుతో, తెలుగు అంకెల్లో, కొన్న ధర. బేరం ఎంతవరకు దిగవచ్చో కొట్లో పనిచేసే సతీష్‌కుమార్‌కి తెలియడానికి ఆ ఏర్పాటు. సతీష్ భిలాయిలోనే పుట్టి పెరిగినవాడు. తెలుగు చదవడం రాదు గానీ ఆ పది అంకెలూ పరబ్రహ్మమే కూర్చోబెట్టి నేర్పాడు. కొనడానికి వచ్చే హిందీవాళ్ళకి అవి పిచ్చిగీతలు. తెలుగువాళ్ళకీ అంతే. పదకొండేళ్ళుగా వాటిని చదివిన బయటివాళ్ళు లేరు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో జోగమ్మ చదివింది.

ఆమె భర్త నూకరాజు అంతకు ముందు నెలే ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాడు. ఎడమ చెవి కాస్త మందం, పాటంటే ప్రాణం. చేతికొచ్చిన సొమ్ములో కొంత పెట్టి మంచి సెట్టు కొనుక్కోవాలని భార్యను తీసుకుని వచ్చాడు. మేడమీద ఏసీ గదిలో, మెత్తటి సోఫాలో రెండు గంటలు కూర్చుని, జపాను ఆంప్లిఫయరూ నడుమెత్తు స్పీకర్ల జతా విన్నాడు. చివరికి "ఇదే!" అని వీధిలోకి వినపడేలా అరిచాడు. చీటీ మీద ముప్పై ఎనిమిది వేలని ఉంది.

"పెద్దవారు, మనవాళ్ళు. మీకని ముప్పై నాలుగుకి ఇస్తాను పిన్నీ," అన్నాడు పరబ్రహ్మం, గొంతు తగ్గించి.

జోగమ్మ చీటీ తిరగేసింది. కళ్ళజోడు సర్దుకుంది. "ఇరవై రెండు వేల నాలుగొందలు," అని చదివింది.

సతీష్ జేబులోంచి గుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న కిటికీ అద్దాన్ని తుడవడం మొదలుపెట్టాడు.

"అది మోడల్ నంబరు పిన్నీ," అన్నాడు పరబ్రహ్మం.

"మోడల్ నంబరైతే ముందల 'రూ' అని ఏల రాసినావు? మా అయ్య సోడవరం బెల్లం మార్కెట్ల గుమస్తా, బావూ. దిమ్మల లెక్కంతా ఈ అంకెల్లోనే రాసీవోడు. కూడికలు నానే సేసీదాన్ని."

ఆమె అరుస్తుందనుకున్నాడు పరబ్రహ్మం. అరవలేదు. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

"లాభం లేకండా ఎవులమ్ముతారు? నానూ పాతికేళ్ళు క్యాంప్ టూ బస్తీలో సింతపండు, బెల్లం అమ్మినాను. ఇరవై రెండున్నర ముప్పై నాలుగు ఎలాగయ్యిందో సెప్పు. సబబైతే ఇచ్చేస్తాను."

పరబ్రహ్మం నసుగుతూనే మొదలుపెట్టాడు. కింద కొట్టు అద్దె, సతీష్ జీతం, కరెంటు కలిసి నెలకి అయిదు వేలు. ఇలాంటి పెద్ద సెట్లు నెలకి రెండు పోతే గొప్ప.

"అయితే ఈ సెట్టు మీద రెండున్నర ఏలు. ఇంకేటి?"

"బ్యాంకు అప్పు. ఇది కొట్లోకి వచ్చి ఎనిమిది నెలలైంది."

"ఎనిమిది నెల్ల వడ్డీ ఎంత?"

పదకొండేళ్ళలో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. కొనేవాళ్ళు తగ్గించమంటారు. తమ్ముళ్ళు చేబదులు అడుగుతారు. భార్య వనజాక్షి 'ఈ నెల ఎలా ఉంది' అంటుంది. వడ్డీ ఎంతని అడిగి, జవాబు వినడానికి ఆగిన మనిషి లేదు. "రెండు వేల ఏడొందలు," అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతనికి కాస్త హాయిగా కూడా ఉంది.

ఇంటి ఖర్చు కింద సెట్టుకి పదిహేను వందలు జోగమ్మే వేసింది. "పిల్లలున్నోడివి, తినాలి కదా," అంది.

"ఈ గది అద్దె కూడా ఉంది పిన్నీ. నెలకి రెండు వేల నాలుగొందలు."

"ఈ గదెందుకు?"

"వినడానికి."

"ఆదివారం కొట్టు మూసీసి నువ్వొక్కడివే ఇందుల కూకుంటావని కుర్రోడు సెప్పినాడు."

పరబ్రహ్మం సతీష్ వైపు చూశాడు. సతీష్ అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

"నీ సరదాకి నానేల ఇవ్వాల?"

"బాబాయి రెండు గంటలు కూర్చున్నారు కదా!"

అది ఆమెకు న్యాయంగానే తోచింది. రోజుకి పది గంటలు, నెలకి ఇరవై నాలుగు రోజులు అని వేళ్ళ మీద లెక్కపెట్టింది. గంటకి పది రూపాయలు తేలింది. "ఇరవై కలుపు," అంది.

మొత్తం ఇరవై తొమ్మిది వేల నూట ఇరవై. పరబ్రహ్మం కాగితం మీద రెండుసార్లు కూడి చూసుకున్నాడు. తప్పు దొరకలేదు. బేరంలో ఓడిపోయానని అనిపించలేదు గానీ, ఏమనిపించిందో అతనికీ తెలియలేదు. "సరే పిన్నీ," అన్నాడు.

అప్పుడు సతీష్ అలవాటు కొద్దీ స్పీకర్ల వైరు చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. మీటరు నూట ఎనభై. పన్నెండు మీటర్లు పడుతుంది. జోగమ్మ చీటీ తిరగేసింది. వెనక ముప్పై అని ఉంది.

"సెట్టు మీద తీసుకున్న లాభం నీ తిండికి," అంది, మొదటిసారి గొంతు పెంచి. "ఇది దొంగతనం కాదేటి?"

"కాదు పిన్నీ! ఈ వైరుతో పాట తేటగా వస్తుంది. నా చెవులతో విన్నాను. మా ఇంట్లోనూ ఇదే వేశాను."

అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే నమ్మాడు. అందుకే ఏ వైరో చూడకుండా చెబుతానని పందెం కూడా తనే కాశాడు. సతీష్ పక్కనున్న కరెంటు సామాన్ల కొట్టు నుంచి మీటరు ఆరు రూపాయల మామూలు వైరు తెచ్చాడు. పరబ్రహ్మం గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సతీష్ వైర్లు మారుస్తూ ఒకే పాట ఆరుసార్లు పెట్టాడు. ప్రతిసారీ పరబ్రహ్మం కళ్ళు మూసుకుని, బాగా ఆలోచించి, ఏ వైరో చెప్పాడు. నూకరాజు ఆరుసార్లూ తల ఊపాడు.

"తీన్ సహీ, తీన్ గలత్, సేఠ్‌జీ," అన్నాడు సతీష్. మూడు ఒప్పు, మూడు తప్పు.

"రూపాయి బిళ్ళ ఎగరేసినా అంతే కదేటి," అంది జోగమ్మ. తర్వాత అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఇన్నాళ్ళూ తెలీక అమ్మినావు, బావూ. ఇకమీద అమ్మితే తెలిసి అమ్మినట్టు."

ఇరవై తొమ్మిది వేల నూట ఇరవై, పైన ఆరు రూపాయల వైరుకి డెబ్బై రెండు లెక్కపెట్టి ఇచ్చి, ఆ వైరే వేయించుకుని, భార్యాభర్తలు సెట్టును రిక్షాలో ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

పరబ్రహ్మానికి నాలుగు రోజులు పాట సహించలేదు. అయిదో రోజు వైరు చీటీ చింపి, అరవై అని కొత్తది రాశాడు. రెండు నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మూడో నెల ఒక కాంట్రాక్టరు వచ్చి, పెద్ద సెట్టు చూసి, వైరు దగ్గర ఆగాడు. "ఇంత చవకా? ఇంతకంటే మంచిది లేదా?" అన్నాడు.

"తేడా ఏమీ ఉండదు సార్. ఆరు రూపాయల వైరు చాలు," అన్నాడు పరబ్రహ్మం.

కాంట్రాక్టరు అతన్ని కాసేపు ఎగాదిగా చూశాడు. సెట్టు, వైరు అన్నీ కలిపి నాగపూర్‌లో కొనుక్కున్నాడు.

ఆ నెల పెద్ద సెట్టు ఒక్కటీ పోలేదు. బ్యాంకు వడ్డీ మాత్రం తేదీ తప్పలేదు. పరబ్రహ్మం వైరు ధర రెండు వందల ఇరవై చేశాడు. చేసి, ఒక నియమం పెట్టుకున్నాడు. వైరు అడిగిన ప్రతివాడికీ, "ఆరు రూపాయల వైరుతోనూ ఇలాగే వినిపిస్తుంది, నేను పరీక్షించాను," అని కొలవకముందే చెప్పేవాడు. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇంత నిజాయితీ గల మనిషి నాసిరకం ఎందుకు అమ్ముతాడని రెండు వందల ఇరవైదే కొలిపించుకునేవాళ్ళు.

ఎందుకైనా మంచిదని ఒక సాయంత్రం క్యాంప్ టూ వెళ్ళి జోగమ్మకు ఈ సంగతి చెప్పాడు. లోపల నూకరాజు పాట మోత. ఆమె ఇంటి ముందుకు తీసుకొచ్చి మళ్ళీ మొదటినుంచి చెప్పించుకుంది.

"కొలవకముందే సెప్తన్నావా?"

"ముందే చెప్తున్నాను పిన్నీ."

"తెలుగోళ్ళకి తెలుగుల, హిందీవోళ్ళకి హిందీల?"

"ఆఁ."

జోగమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టబోయి వదిలేసింది. "మరింక నానేటి సెప్పగల్ను," అంది. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఉన్నదున్నట్టు చెప్పే కొట్టని పవర్ హౌస్‌లో పేరొచ్చింది. ఆ ఏడాది వైరు నూట నలభై మీటర్లు పోయింది.