గడప అవతలి మాట

ఇన్నయ్య గడ్డి కట్టలు బండి మీద వేసుకొచ్చి నా ఇంటి ముందు ఆపాడు. రజాకార్లు కాల్చిన కప్పు అప్పటికింకా అట్లాగే ఉంది. ఒక మూలకు నాలుగు వాసాలు అడ్డం వేసుకుని వాటి కింద వండుకుంటున్నాను. మిగతా ఇల్లంతా ఆకాశమే.

"కప్పు కప్పుత బావా. కూలి గీలి ఏం వద్దు," అన్నాడు.

"బండి మలుపు," అన్నాను.

ఇన్నయ్య నా భార్య సాలమ్మకు అన్న. పోలీసు యాక్షన్ అయి అప్పటికి ఏడాది దాటింది. ఆ యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో సాలమ్మ పోయింది. ఆమెను కొట్టి చంపింది రజాకార్లు. వాళ్లకు మా ఇల్లు చెప్పింది ఇన్నయ్య.

మాది కేతేపల్లి పక్కన చిన్న ఊరు. వాడలో రెండు వరుసలు. ముందు వరుస మాది. తాతల నాడు మిషన్ దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్లం. వెనక వరుస ఫాదర్ల దగ్గర జ్ఞానస్నానం పొందిన కతోలికులది. ఊరి దొర గడీలో వెట్టి అందరికీ ఒక్కటే. నీళ్ల బావి కూడా ఒక్కటే. అయినా పండుగ వస్తే ఒక వరుస వాళ్లు ఇంకో వరుస వైపు చూసేవాళ్లు కాదు.

సాలమ్మ వెనక వరుస పిల్ల. నన్ను చేసుకున్నాక మా పద్ధతి ప్రకారం మోట బావిలో ముంచి బాప్తిస్మం ఇచ్చారు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్లు పోయించుకున్న మనిషిని మళ్లీ ముంచడం వాళ్లకు మహాపాపం. ముంచకుంటే అది బాప్తిస్మమే కాదని మేమంటాం. ఆ రోజు ఇన్నయ్య బావి గట్టు దాకా వచ్చి, ఉమ్మేసి పోయాడు. సాలమ్మ మునిగింది గాని ఆమె చెయ్యి మునగలేదు. దీపం ముట్టించినప్పుడల్లా నుదుటికి, రొమ్ముకు, రెండు భుజాలకు, వాళ్ల వరుస సిలువ గుర్తు వేస్తూ పోయేది. మొదట్లో కసిరాను. తర్వాత ఊరుకున్నాను.

దొరల మీద, నిజాం మీద కొట్లాడే సంగం దళం ఊళ్లోకి వస్తే ఊరంతా అన్నం పెట్టేది. మేమూ పెట్టేవాళ్లం. రజాకార్లు వచ్చిన రోజు మాత్రం నేరుగా మా ఇంటికే వచ్చారు. నేను జొన్నలు పట్టించుకొద్దామని కేతేపల్లి పోయాను. నేనెక్కడున్నానని అడిగారు. సాలమ్మకు తెలుసు. చెప్పలేదు. తుపాకి మడమలతో కొట్టారు. ఇంటికి నిప్పు పెట్టి పోయారు. నేను వచ్చేసరికి ఆమెను పక్కింటి మైసమ్మవ్వ తన వాకిట్లో పడుకోబెట్టింది. పోయే ముందు సాలమ్మ ఒక్క మాటే అంది.

"మా అన్ననేమనకు."

ఎందుకట్లా అందో నాకర్థం కాలేదు. మట్టి చేసి వచ్చాక మైసమ్మవ్వ చెప్పింది. గోడ వెనకాల నక్కి ఉన్నప్పుడు వాళ్ల జమాదారు మాట విందట. "ఇన్నయ్య చెప్పిన ఇల్లు గిదేనా?" అని అడిగాడట. సాలమ్మా విన్నది.

ఇన్నయ్య గడీలో పశువుల కొట్టం చూసేవాడు. దొర మనుషుల చెవి అతనికి దగ్గర. ఆ వారంలోనే ఊరొదిలి దేవరకొండ వైపు పారిపోయాడు.

దళంలోని యాదగిరి మా చెలక దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఒక్క మాట చెప్పు పెద్దులు. యాడున్నా పట్టుకొచ్చి నీ ముంగటనే పని చూస్తం."

"వద్దు."

"భయమా?"

"నా పెండ్లాం ఏమనొద్దన్నది."

"అయితే మాఫ్ చేసినట్టేనా?"

"అది అనొద్దన్నది. మాఫ్ చెయ్యమనలేదు," అన్నాను. "అయినా చచ్చినోడు నోరు తెరుస్తడా? వాడు తెర్వాలె."

యాదగిరి నన్ను పిచ్చివాడిని చూసినట్లు చూసి పోయాడు. తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్లు పోయారు. దళానికి భయపడి పట్నం పోయిన దొర తిరిగొచ్చాడు. ఇప్పుడు క్యాంపుకు పట్టుకుపోతున్నది యాదగిరిలాంటి వాళ్లను. ఆ సందట్లోనే ఇన్నయ్య కూడా తిరిగొచ్చాడు. ఫాదర్ చెవిలో తన పాపం చెప్పుకుని పాపసంకీర్తనం చేశాడు. ఆ ఆదివారమే సత్ప్రసాదం తీసుకున్నాడు. సోమవారం పొద్దున మా బావి దగ్గరే నీళ్లు చేదుకున్నాడు, ఏమీ జరగనట్లు.

ఇప్పుడు గడ్డి తెచ్చాడు. బండి మలపమంటే మలపలేదు. ఎద్దుల పగ్గాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఫాదర్‌కు చెప్పుకున్న బావా. మాఫ్ అయింది. జపమాలలు చెప్పమన్నడు, చెప్పిన. చేసిన నష్టం తీర్చుకోమన్నడు. గందుకే గీ గడ్డి."

"ఎవలు మాఫ్ చేసిండ్రు?"

"సర్వేశ్వరుడు. ఫాదర్ నోటితోని."

"ఫాదర్ ఇల్లు కాలిందా? ఫాదర్ పెండ్లాం సచ్చిందా?"

"ఛీ, ఫాదర్‌కు పెండ్లామేంది. గవేం మాటలు."

"మరి నాకు జేసిన దానికి ఆయనెట్ల మాఫ్ చేస్తడు?"

ఇన్నయ్య కాసేపు ఎద్దు మెడ నిమిరాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు.

"గడ్డి వద్దంటే మానె. సమాధుల పండుగ వస్తాంది. చెల్లె బొంద మీద ఒక కొవ్వొత్తి ఎలిగిస్త. జపం చెప్పుకుంట. నువ్వు కాదనకు."

"మా బొందల గడ్డల కొవ్వొత్తులు ఎలిగియ్యం. నీకెర్కే."

"అది ఉత్తరించు స్థలంల ఉన్నదేమో బావా. పానం పోయేటప్పుడు పక్కన ఫాదర్ లేకపాయె. రెండోసారి మునిగిన పాపం ఒకటి ఉండె. మనం జపం చేస్తే జల్ది బయటపడ్తది. నిద్ర పడ్తలేదు నాకు."

ఉత్తరించు స్థలం అంటే వాళ్ల లెక్కలో చచ్చినవాళ్లు పాపం కాలిపోయేదాకా ఉండే మంట. మా గుడి అయ్యగారు అలాంటిది లేదంటారు. నమ్మినవాడు చచ్చిన క్షణమే ప్రభువు దగ్గరుంటాడంటారు. నేనూ అదే నమ్ముతాను.

"నా పెండ్లాం ఏ మంటలల్ల లేదు," అన్నాను. "ఒక్కనాడే ఉండె. గా మంట నువ్వు పెట్టిచ్చింది."

ఇన్నయ్య ముఖం పాలిపోయింది. అయినా కదలలేదు. అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది.

"ఇను. జమాదారు చెవుల చెప్పి ఇల్లు కాలిపిచ్చినవ్. ఫాదర్ చెవుల చెప్పి కడుక్కున్నవ్. నీకు అన్నీ చెవులల్లనే అయితయి. బయటికి చెప్పు. శనివారం మా గుడిల కూడిక ఉన్నది. అందరు వింటుండంగ చెప్పు. చెప్పినవంటే కొవ్వొత్తి ఎలిగించుకో. ఎవలు అడ్డమొచ్చినా నేను చూసుకుంట."

"మీ గుడిల అడుగు పెట్టుడు మాకు పాపం బావా."

"ఏమాయె? మీ ఫాదర్ చెవి ఉన్నది గద. గదిగూడ చెప్పుకో."

బండి మలిపాడు.

ఆ కూడిక మా సంఘంలో పాత ఆచారం. ఆదివారం రొట్టె పంచుకునే ప్రభువు బల్ల ఉంటే శనివారం మధ్యాహ్నం అందరం గుడిలో కూర్చుంటాం. ఎవరికి ఎవరితో పొరపొచ్చం ఉన్నా లేచి చెప్పాలి. ఇద్దరూ ముందుకొచ్చి చేతులు కలపాలి. కలపనివాళ్లకు మర్నాడు రొట్టె లేదు. సాలమ్మ పోయినప్పటి నుంచి నేను చేతులు కలపలేదు, రొట్టె తీసుకోలేదు. పరలోక ప్రార్థనలో మేము క్షమించినట్టు మమ్మల్ని క్షమించు అనే మాట దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటాను. పక్కనున్నవాళ్లు చదువుతారు. నేను ఆ తర్వాతి మాట నుంచి అందుకుంటాను.

నేను పెట్టిన షరతు రత్నం అయ్యగారికి తెలిసింది. ఇంటికొచ్చి, కాలిన గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"పెద్దులు, పని చేసి పాపం తీర్చుకోలేమని మనం చెప్తున్నం. నువ్వేమో వానికి ప్రాయశ్చిత్తం వేసినవు. ఫాదర్ వేసినట్టే."

"ఫాదర్ తక్కువ వేసిండయ్యగారూ."

ఆయనకు నవ్వు వచ్చింది గాని ఆపుకున్నారు. "వాడు వస్తే నువ్వు క్షమించాలె మరి."

"రానియ్యుండ్రి," అన్నాను. అంతకు మించి నేనేమీ ఒప్పుకోలేదు.

శనివారం వచ్చింది. మొదట అండాలు, సుగుణమ్మ లేచారు. ఒకామె కోడి ఇంకొకామె వడ్లు తిన్నదట, ఆమె దాని కాలు విరిచిందట. అయ్యగారు ఇద్దరి మాటా విన్నారు. వాళ్లు చేతులు కలిపి, మూతులు తిప్పుకుంటూ వెళ్లి కూర్చున్నారు. ఇంకెవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. అప్పుడే ద్వారం దగ్గర వెలుగు తగ్గింది.

ఇన్నయ్య నిలబడి ఉన్నాడు. ఉతికిన ధోతి కట్టాడు, మెడలో జపమాల. కాళ్లు గడప అవతలే ఉన్నాయి. ఒక చెయ్యి మాత్రం ద్వారబంధం మీద వేశాడు.

"లోపలికి రా," అన్నారు అయ్యగారు.

"రానయ్యగారూ. ఈడికెల్లే చెప్త. వినపడ్తదా?"

"వినపడ్తది, చెప్పు," అని వెనక నుంచి మైసమ్మవ్వ అంది.

అతను ఎవరి ముఖమూ చూడలేదు. ఎదురుగా ఉన్న గోడను చూస్తూ చెప్పాడు.

"రజాకార్లకు పెద్దులు బావ ఇల్లు చెప్పింది నేనే. దళపోళ్లకు అన్నం పెడ్తండని చెప్పిన. నన్ను ఎవలు కొట్టలే. బెదిరియ్యలే. అడగకముందే చెప్పిన."

నేను అప్పటిదాకా అతను భయపడి చెప్పాడనుకున్నాను. గడీలో మీసం మెలేస్తే చాలు వణికిపోయే మనిషి అతను.

"చెల్లెను మల్లా ముంచినప్పటి సంది నాకు బావ మీద పగ. నా చెల్లె ఆత్మను బావిల తొక్కిండనుకున్న. ఆయన్ని పట్కపోతే చెల్లె మా వరుసకు తిరిగొస్తదనుకున్న. ఫాదర్ దగ్గర మల్లా పాపసంకీర్తనం చేపిస్తే బాగుపడ్తదనుకున్న. ఆయన ఇంట్ల ఉంటడనే చెప్పిన. చెల్లె ఒక్కతే ఉంటదని నాకెర్కలేదు." దగ్గి, పూర్తి చేశాడు. "చెల్లెను రక్షిద్దామని చేసిన. చంపిన."

అంతే. ద్వారబంధం మీది చెయ్యి తీసేశాడు గాని పోలేదు.

"కాలు లోపల పెట్టకుంట పాపమంత లోపలికి తోసినవు కదరా," అంది మైసమ్మవ్వ. ఎవరూ నవ్వలేదు.

అయ్యగారు నా వైపు చూశారు. అందరూ నా వైపే చూశారు. లేచి గడప దాకా పోయాను. అతను అవతల, నేను ఇవతల. అతని చెయ్యి నా వైపు వచ్చింది.

నేను దాన్ని అందుకోలేదు.

"నిజం చెప్పిండు," అన్నాను సంఘం వైపు తిరిగి. "నాకు తెల్వనిది గూడ చెప్పిండు. సమాధుల పండుగ నాడు మన బొందల గడ్డల కొవ్వొత్తి ఎలిగిస్తడు. ఎవలు అడ్డం రావొద్దు. అది నా మాట."

"చెయ్యి కలుపు పెద్దులు," అన్నారు అయ్యగారు మెల్లగా.

"కలప."

"వాడు ఒప్పుకున్నడు. ఇంకేం కావాలె నీకు?"

"ఏం వద్దు. ఒప్పుకొమ్మన్న, ఒప్పుకున్నడు. కొవ్వొత్తి ఇస్తనన్న, ఇస్తున్న. మాఫ్ చేస్తనని ఎన్నడన్న అన్ననా?"

"గిట్లయితే బల్ల దగ్గరికి రాలేవు."

"రాను."

"మరి నీ రక్షణ సంగతి?"

"రక్షణ రొట్టెల లేదని మీరే చెప్పిండ్రయ్యగారూ. పనులల్ల గూడ లేదన్నరు. మాఫ్ చేసుడు గూడ ఒక పనే. నాకు చేతగాని పని ఆయన చేస్తడని నమ్మిన. నేను చేస్తనని నమ్మలే. చెయ్యి కలిపి అబద్ధం ఆడమంటే ఆడ."

అయ్యగారి దగ్గర జవాబు ఉండే ఉంటుంది. ఆయన చదువుకున్న మనిషి. కాని ఆ రోజు చెప్పలేదు. కూడిక ముగించారు. మర్నాడు రొట్టె పళ్లెం నా దాకా వచ్చింది. ఎప్పటిలాగే పక్కవాడి చేతికి అందించాను.

పండుగ నాడు పొద్దున ఇన్నయ్య వచ్చాడు. ఇద్దరం బొందల గడ్డకు నడిచాం. దారిలో మాట్లాడుకోలేదు. సంఘంలో కొందరు వాకిళ్లలో నిలబడి చూశారు. ఎవరూ అడ్డం రాలేదు.

గడ్డ మీద గాలి బాగా వీస్తోంది. అతను గీసిన అగ్గిపుల్లలు ఆరిపోతూనే ఉన్నాయి. చివరికి పగిలిన కుండ పెంకు ఒకటి వెతికి, దాన్ని అడ్డం పెట్టి వెలిగించాడు. మోకాళ్ల మీద కూర్చుని మరియమ్మ జపం చెప్పుకున్నాడు. నేను తల వంచలేదు. పక్కకు తిరిగి చెలకల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె ఏ మంటలోనూ లేదని నాకు తెలుసు. ఆ కొవ్వొత్తితో ఆమెకు పనిలేదనీ తెలుసు.

జపం అయిపోయిందేమోనని తిరిగి చూశాను. అతని చెయ్యి నుదుటికి పోయింది. అక్కడి నుంచి రొమ్ముకు, ఎడమ భుజానికి, కుడి భుజానికి. చివర బొటనవేలు పెదవులకు ఆనించుకున్నాడు. సాలమ్మ కూడా అచ్చం అట్లాగే చేసేది. ఆ బొటనవేలు సంగతి నేను మరిచిపోయాను.

మళ్లీ చెలకల వైపు తిరిగాను.

"బావా," అన్నాడు లేస్తూ. "జర చెప్పు. మాఫ్ చేసినవా?"

"లేదు."

"ఎన్నడన్న చేస్తవా?"

"ఎర్కలేదు. పోయేటప్పుడు నిన్నేమనొద్దన్నది. అననియ్యలే, అనలే. గదొక్కటే నాకెర్క."

అతను తల దించుకున్నాడు. అతనికి సాలమ్మ చివరి మాట తెలియడం అదే మొదలు. మళ్లీ కూర్చుని, పెంకును కొవ్వొత్తికి ఇంకా దగ్గరగా జరిపాడు.

"వచ్చే ఏడు గూడ రావొచ్చునా?"

"మాట చెప్పినవు. కొవ్వొత్తి నీదే. ఏటేట ఎలిగించుకో."

"కప్పు మరి? గడ్డి ఇంక ఉన్నది నా దగ్గర."

"నీ కొట్టం మీద కప్పుకో," అన్నాను.

అతను ముందు నడిచాడు. వత్తి ఇంకా కొంచెం ఉంది. అది కాలిపోయేదాకా నిలబడి, పెంకును పక్కకు నెట్టి వచ్చేశాను.

ఆ వారమే వాగు ఒడ్డుకు పోయి గడ్డి కోశాను. మోపులు నేనే మోసుకొచ్చి, నేనే కప్పుకున్నాను.