అక్క రాయని మాటలు

పొద్దున పదింటికి తలుపులు తీసి, ఫ్యాను వేసి, తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దడంతో లైబ్రేరియన్ రోజు మొదలవుతుంది. ఆ లైబ్రరీలో ఒక పద్ధతి ఉంది. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్ళు ఎలా ఉందో ఒక మాట చెప్పాలి. ఆ మాటను లైబ్రేరియన్ ఆ పుస్తకం వెనక అట్టకు అంటించిన కాగితం మీద ఉన్నదున్నట్టు రాయాలి. రాయని మాట పుస్తకంలోనే ఉండిపోయి బరువెక్కుతుంది. ఇది ఊరందరికీ తెలిసిందే. వెనకటి లైబ్రేరియన్ బద్ధకం వల్ల ఒక వంటల పుస్తకం అరను విరగ్గొట్టుకుని కింద పడింది కూడా.

ఈవిడ అలాంటి మనిషి కాదు. పదకొండేళ్ళలో ఒక్క మాట వదల్లేదు, సొంత చెల్లెలు నవల రాసేదాకా.

చెల్లెలు స్కూల్లో సైన్సు టీచరు. పెద్ద తరగతుల పిల్లల కోసమని ఒక మిస్టరీ నవల రాసింది. హాస్టల్లో వయొలిన్ పోతుంది, నలుగురు స్నేహితులు దొంగను పట్టుకుంటారు. పిల్లలకని రాస్తే పెద్దలూ ఎగబడ్డారు. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీ చేతులు మారుతూనే ఉంది. చదివిన ప్రతివాళ్ళూ వచ్చి లైబ్రేరియన్ ప్రాణం తీయడం మొదలుపెట్టారు.

"రెండొందల పేజీలు ఆ వంటమనిషిని అనుమానించి పాపం మూటగట్టుకున్నానమ్మా," అన్నాడు దర్జీ. "తీరా చూస్తే దొంగ ఎవడు? చివరి అధ్యాయంలో రైలు దిగిన మేనమామ! అంతకుముందు వాడి ఊసైనా ఉందా?"

"కొండను తవ్వి ఎలుకను పట్టినా సరిపెట్టుకుందును," అంది నర్సు. "ఎలుక కనీసం కొండలోనే ఉంటుంది. ఈయన ఎక్కణ్ణించి ఊడిపడ్డాడండీ?"

అందరూ ప్రశ్నలపుట్ట అని పిలిచే పదో తరగతి పిల్ల అయితే మండిపోతూ వచ్చింది. "ఆంటీ, నేను అనుమానం ఉన్నవాళ్ళందరి జాబితా రాసుకున్నాను. ఎవరు ఏ టైములో ఎక్కడున్నారో పట్టిక గీసుకున్నాను. అంతా దండగ!" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆవిడ తలూపి, కాగితం మీద 'బాగుంది' అని రాసింది. ముగ్గురికీ అదే. ఆ తర్వాత వచ్చిన ఇరవైమందికీ అదే. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఆ కాకికి కళ్ళు లేవని కాదు. తల్లి పోయాక ఆరేళ్ళ చెల్లెల్ని తనే పెంచింది. వంకరగా బొమ్మ గీసినా, శ్రుతి తప్పి పాడినా బాగుందనే అంది. ఇప్పుడు కొత్తగా బాగోలేదనడానికి నోరెలా వస్తుంది?

పుస్తకం మాత్రం ఊరుకోలేదు. మొదట ఇటుకంత బరువైంది, తర్వాత సిమెంటు బస్తా అంత. అంత బరువుందంటే రాయని మాటలు ఎన్నో ఉన్నాయని, అంతగా ఏముందో చూద్దామని జనం ఇంకా పోటీపడ్డారు. చివరగా తీసుకెళ్ళిన బస్సు కండక్టరు దాన్ని సైకిలుకి తాళ్ళతో కట్టి, తోసుకుంటూ తెచ్చి, పంక్చరైన టైరు చూపించి మరీ తిట్టిపోశాడు. అటెండరు అర కింద దుంగ పెట్టి, "అమ్మా, నా నడుం పడిపోయింది. దీని సంగతేదో చూడండి," అని రోజూ నస. "చూస్తాలే, నన్ను చంపకు!" అని ఆవిడ కసిరేది. ఆ కసురు ఎవరి మీదో ఆవిడకీ తెలుసు.

ఇంటికెళ్తే అక్కడ ఇంకో గోల.

"ఇవాళేమన్నారక్కా?"

"బాగుందన్నారు."

"రెండోది దీన్ని మించిపోతుంది చూడు. ఈసారి దొంగని చివరి అధ్యాయంలో కాదు, చివరి పేజీలో తెస్తున్నా. కనిపెట్టడం ఎవరి తరమూ కాదు! సోమవారం అచ్చుకి పోతోంది."

మళ్ళీ అదే తప్పు, అదీ తన మాట నమ్మి, అనుకుంది అక్క. ఈ దెబ్బతో ఇక చెల్లెలి పుస్తకం ఎవరూ ముట్టుకోరు. చెబుదామని నోరు తెరిచి, కంచం అందించి ఊరుకుంది.

శనివారం స్కూల్లో ఒక పేజీ చదివి వినిపించాల్సి వచ్చి, తన కాపీ ఎవరికో ఇచ్చేసి ఉండటంతో, చెల్లెలే లైబ్రరీకి వచ్చింది. నేరుగా వెళ్ళి పుస్తకం లాగింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. అటెండరు సాయం రాబోతే వద్దంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి దాని అర్థం వేరే చెప్పాలా?

"అక్కా, ఏం రాయలేదు నువ్వు?"

"అబ్బే, ఏముంది..."

"అక్కా!"

ఆవిడ కొత్త కాగితం తీసింది. దర్జీ మాట, నర్సు మాట, ప్రశ్నలపుట్ట మాట, ఒక్కొక్కటే పైకి చెబుతూ రాసింది. చెవుల దాకా సిగ్గుతో ఎర్రబడింది. ఇరవై మూడో మాట రాసేసరికి చెల్లెలు పుస్తకాన్ని ఒంటిచేత్తో తీసుకుంది.

"వాళ్ళ మీద నాకేం కోపం లేదు. నీ మీదే ఉంది," అంది చెల్లెలు. "ఆ పిల్ల పట్టిక గీసుకుందా? నా పుస్తకాన్ని ఒకళ్ళు అంత శ్రద్ధగా చదివారని కూడా నాకు తెలియనివ్వలేదు కదే!"

చెల్లెలు అక్కడే నిలబడి ప్రచురణకర్తకు ఫోన్ చేసి, సోమవారం వద్దంది. ఆయన కేకలు ఫోన్లోంచి బయటికి వినిపిస్తూనే ఉన్నాయి. పెట్టేసి, సంచీలోంచి రాతప్రతి తీసి బల్ల మీద పడేసింది.

"చదువు."

ఆవిడ సాయంత్రం దాకా చదివింది. పుస్తకాలు తెచ్చినవాళ్ళను "కాస్త ఆగండి, కొంపలేం మునగవు," అని కూర్చోబెట్టింది. ఆఖరి పేజీ తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"బాగోలేదు," అంది.

ఇరవై ఏళ్ళలో చెల్లెలితో ఆ మాట అనడం అదే మొదటిసారి. చెల్లెలు లేచి వెళ్ళిపోతుందేమోనని అక్క బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

చెల్లెలు కుర్చీ దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసింది.

"ఎక్కణ్ణించి బాగోలేదు?" అని అడిగింది.